పక్క స్థలంలో ఫంక్షన్ హాలు, "నా పట్టా నా ఇష్టం" అంటున్నాడు, నిజంగా అలాగే ఉంటుందా?

చంపావతి_శ్రీను
మా పట్నం పేరు రాయను, విజయనగరం జిల్లాలోనే అనుకోండి. 2009లో మా నాన్న రిటైర్మెంట్ డబ్బులతో 200 గజాల్లో ఇల్లు కట్టుకున్నాం, అప్పటికి చుట్టూ అన్నీ ఇళ్లే, పడమటి పక్క మాత్రం 600 గజాల ఖాళీ స్థలం ఉండేది, పిల్లలు క్రికెట్ ఆడుకునేవారు. రెండేళ్ల కిందట అందులో ఇనప స్తంభాలు పాతి రేకుల షెడ్డు వేసి ఏసీలు బిగించి ఫంక్షన్ హాలని బోర్డు పెట్టీసేరు. మాఘమాసం వచ్చిందంటే ఇంక మాకు నిద్ర లేదు. జనరేటరు సరిగ్గా మా వంటింటి కిటికీకి మూడడుగుల దూరం, కిటికీ తీస్తే డీజిల్ పొగ, మూస్తే ఉక్క. మొన్న శుక్రవారం రాత్రి పదకొండున్నరకి డీజే దరువుకి ఫ్రిజ్ మీదున్న స్టీలు గ్లాసు మెల్లగా జరుక్కుంటూ అంచుకి వచ్చి నా కళ్లముందే కింద పడింది. మా అమ్మకి 71 ఏళ్లు, బీపీ మాత్ర వేసుకుని చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంటోంది.
మర్యాదగానే వెళ్లి అడిగాను. హాలాయన అన్నది ఇది: "మా తాతల నాటి జిరాయితీ భూమి బాబూ, నా పేర పట్టా ఉంది, పన్ను కడుతున్నాను, నా స్థలంలో నేనేటి పెట్టుకుంటే నీకేటి, జోన్లని వాళ్లు కాగితం మీద రంగులు వేసుకుంటారు, అది నన్ను ఆపదు." కోపం వచ్చింది గాని నోట జవాబు రాలేదు. అందుకే అడుగుతున్నా, సొంత స్థలంలో ఇది పెట్టుకో అది పెట్టకు అని చెప్పే హక్కు ప్రభుత్వానికి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఏ చట్టం? అసలు దేనికోసం పెట్టేరు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

నాగావళి_ఒడ్డు
ముందు రాత్రి పది దాటితే 112కి ఫోన్ కొట్టు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్ స్పీకర్ పెట్టకూడదని ఉంది. మా వీధిలో రెండుసార్లు చేసాం, ఆపించారు.

చంపావతి_శ్రీను
చేసాను అన్నా. వస్తారు, తగ్గిస్తారు, బండి మలుపు తిరగ్గానే మళ్లీ మొదలు.

ఘంటస్తంభం_రాజు
నేను అటు పక్క మాట్లాడతాను, ఏమనుకోవద్దు. పోయినేడు మా చెల్లి పెళ్లికి దగ్గర్లో హాలు దొరక్క పదకొండు కిలోమీటర్లు పోయి చేసాం, ముసలోళ్లు ఆటోల్లో రాలేక సగం మంది తలంబ్రాలు చూడనేలేదు. ఊళ్లో హాలుండడం జనానికి అవసరమే. ఆయన అప్పు చేసి కట్టుంటాడు, పదిమందికి పని దొరికుంటుంది, వంటోళ్లు, లైటింగోళ్లు, పూలోళ్లు. అన్నిటికీ ప్లానూ జోనూ అంటే చిన్నోడు ఏ పనీ మొదలెట్టలేడు. జనరేటరు జరిపించు, డీజే ఆపించు, అంతవరకే అడుగు. స్థలం ఆయనిది.

పాత_ఓవర్సీరు
విజయనగరం, శ్రీకాకుళం రెండు జిల్లాల్లోనూ టౌన్ ప్లానింగ్ ఓవర్సీరుగా ముప్ఫై ఏళ్లు చేసి దిగినవాణ్ణి, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.
ఆయన "కాగితం మీద రంగులు" అన్నాడు చూసారా, ఆ కాగితం వెనక వందేళ్ల చట్టం ఉంది. 1920లో మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం వచ్చింది, అప్పటికి మనమంతా మద్రాసు ప్రెసిడెన్సీ, విజయనగరం విశాఖపట్నం జిల్లాలో ఉండేది, శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది. ఆ చట్టమే తర్వాత ఆంధ్రప్రదేశ్ టౌన్ ప్లానింగ్ చట్టమైంది. దాని కింద పట్నానికి మాస్టర్ ప్లాన్, అంటే ఏ చోట ఇళ్లు, ఏ చోట దుకాణాలు అని జోన్లుగా రంగులు వేసిన మ్యాపు, తయారుచేసి, జనం అభ్యంతరాలు విని, ప్రభుత్వం మంజూరు చేసి గెజిట్‌లో వేస్తే ఇంక దానికి చట్టబలం వచ్చేసినట్టే. 1975లో పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం వచ్చింది, వుడా, అంటే విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ, దాని కిందదే, 2016 చట్టం వచ్చేక అదే వీఎంఆర్‌డీఏ అయ్యింది. కట్టడం ఎంత ఎత్తు, పక్కల ఎంత వదలాలి, బండ్లు ఎక్కడ పెట్టాలి, ఇవి 2017 బిల్డింగ్ రూల్స్, జీవో 119. వీటన్నిటికీ పైన రాజ్యాంగం. భూమీ, స్థానిక సంస్థలూ రెండూ రాష్ట్ర జాబితాలోవి. 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, దాంతో చేర్చిన పన్నెండో షెడ్యూల్ తీసి చూడండి, మొదటి పద్దే పట్టణ ప్రణాళిక, రెండోది భూ వినియోగం, కట్టడాల నియంత్రణ.
పట్టా సంగతి. పట్టా అంటే ఆ భూమి నీదని, అంతవరకే. ఆస్తి హక్కుని 44వ సవరణ ప్రాథమిక హక్కుల్లోంచి తీసి 300-ఏ అధికరణంలో పెట్టింది, చట్టం ప్రకారం తప్ప ఎవరి ఆస్తీ లాక్కోకూడదని. చట్టం ప్రకారం వాడకానికి హద్దు పెట్టొచ్చు. ఆయన పట్టా ఎంత నిజమో మీ 200 గజాల పట్టా కూడా అంతే నిజం, ఆయన డీజిల్ పొగ మీ పట్టా భూమిలోకే కదా వస్తోంది.
ఇంక దేనికోసం అన్నారు. 1896లో బొంబాయిలో ప్లేగొచ్చింది, గాలీ వెలుతురూ లేని ఇరుకు చాల్లల్లో జనం పిట్టల్లా రాలిపోయారు, 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టి రోడ్లు వెడల్పు చెయ్యడం మొదలెట్టారు. మన దేశంలో టౌన్ ప్లానింగ్ మూలం అక్కడుంది, రోగంలో. నా సర్వీసులో చూసింది చెప్తాను. ఒక వేసవిలో ఒక సందులో పాకలంటుకున్నాయి. ఫైరింజను సందు మొదట్లో ఆగిపోయింది, ఎవరో అరుగు ముందుకి లాక్కున్నారు, అంతకుమించి ఏమీ లేదు. పైపులు విప్పి ఒకదానికొకటి తగిలించి మనుషులు మోసుకెళ్లేసరికి నాలుగు పాకలు బూడిద. మర్నాడు నేను టేపు పెట్టి కొలిస్తే బండికి కావలసిన వెడల్పుకి అడుగున్నర తక్కువ. సెట్‌బ్యాకంటే, కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ అంటే, జనం లంచం కోసం పెట్టిన రూలనుకుంటారు. ఆ అడుగున్నర నేను మర్చిపోలేను.

నాగావళి_ఒడ్డు
ఓవర్సీరు గారూ, ఒళ్లు జలదరించింది.

హ్యూస్టన్_బొబ్బిలోడు
మాది బొబ్బిలి, పదేళ్లుగా హ్యూస్టన్. ఇక్కడ అందరూ చెప్పుకునేదేంటంటే అమెరికాలో జోనింగ్ చట్టం లేని పెద్ద ఊరు ఇదొక్కటే అని. నిజమే, 1948, 1962, 1993, మూడుసార్లు ఓటింగు పెడితే మూడుసార్లూ జనం వద్దన్నారు. రాజు ఇది చదివి సంబరపడేలోగా రెండో సగం కూడా చెప్పాలి. నేను ఇల్లు కొన్నప్పుడు దస్తావేజుతో పాటు ఇంకో కట్ట ఇచ్చారు, ఈ స్థలంలో ఇల్లు తప్ప వ్యాపారం పెట్టకూడదు, ఇన్ని అడుగులు వదలాలి అని, కాలనీలో అందరి దస్తావేజుల్లోనూ అవే షరతులు. ఎవరైనా మీరితే ఊరి ప్రభుత్వమే కోర్టుకెళ్లి ఆపించొచ్చు. అంటే జోనింగ్ లేని చోట కూడా జనం దస్తావేజులో రాసుకుని మరీ అదే కట్టుబాటు తెచ్చుకున్నారు.
మిగతా అమెరికాకి మూలం 1926 నాటి సుప్రీంకోర్టు తీర్పు. క్లీవ్‌లాండ్ పక్కన యూక్లిడ్ అని చిన్న ఊరు, ఆంబ్లర్ అనే రియల్ ఎస్టేట్ కంపెనీకి అక్కడ 68 ఎకరాలుండేది, ఫ్యాక్టరీలకి అమ్ముకుందామనుకుంటే ఊరివాళ్లు కొంత భాగం నివాసానికే అన్నారు. విలువ ఎకరం పదివేల డాలర్లనుంచి రెండున్నర వేలకి పడిపోతుందని కంపెనీ కోర్టుకెక్కింది. కోర్టు ఊరి పక్షాన చెప్పింది, జనం ఆరోగ్యం, భద్రత, ప్రశాంతత కాపాడే అధికారం ప్రభుత్వానికి ఉంటుంది, నియమం బొత్తిగా అర్థంపర్థం లేనిదైతే తప్ప మేం కొట్టెయ్యం అని. ఆ తీర్పులో ఒక పోలిక నాకు చాలా ఇష్టం, పంది పశువుల దొడ్లో ఉంటే ఏ గొడవా లేదు, హాల్లోకొస్తేనే గొడవ అని. ఫంక్షన్ హాలు చెడ్డదని ఎవరూ అనట్లేదు, శ్రీను వంటింటి పక్కన ఉండడమే గొడవ.

ఘంటస్తంభం_రాజు
పంది పోలిక బాగుంది, ఒప్పుకుంటున్నా. గాని ఒక్క మాట. పెద్దోడు హాలు కట్టుకుని మేనేజ్ చేసుకుంటాడు. నోటీసు ఎవరికి వస్తుంది? వీధిలో టిఫిన్ బండోడికి, ఇంటి ముందర గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టుకునే ఆవిడకి. రూలు మంచిదే అయినా పడేది ఎవరి మీద అని నా బాధ.

పిండిమర_అప్ప
రాజు రాసింది నా బతుకే నాయనా. 1994లో మా ఆయన ఇంటికి ఆనించి పిండిమర పెట్టేడు, అయిదు హెచ్‌పీ మోటరు. అప్పుడు ఎదురుగా తాటితోపు, ఇప్పుడు అన్నీ మూడంతస్తుల మేడలే. ఆయన పోయేక ఆ మర మీదే ఇద్దరు పిల్లల్ని చదివించుకున్నాను. సంక్రాంతికి వారం ముందునుంచి అరిసెల పిండికని తడిబియ్యం గిన్నెలు గుమ్మం దాకా వరస కట్టీసి ఉంటాయి, గిన్నె మీద గుడ్డ రంగు చూసి ఎవరిదో చెప్పీగలను. మొన్నీమధ్య కొత్తగా మేడ కొనుక్కుని వచ్చినాయన చప్పుడని అర్జీ పెట్టేడు, నాకు నోటీసు వచ్చింది, ఇది నివాస ప్రాంతం ఎందుకు మూయకూడదో చెప్పమని. శ్రీను వాళ్లమ్మ బాధ నాకు తెలుస్తోంది. గాని శ్రీనుకి పనికొచ్చే రూలే రేపు నా మరకి తాళం వేస్తుందేటో అని గుండె దడగా ఉంది.

చంపావతి_శ్రీను
అప్పా, మీ పోస్టు చదివి అరగంట ఏమీ రాయలేకపోయాను. నేను గెలిచి మీరు ఓడిపోయే రూలైతే నాకూ వద్దు. ఓవర్సీరు గారూ, దీనికేం చెప్తారు?

పాత_ఓవర్సీరు
ఇద్దరికీ ఒకటే రూలు గాని ఇద్దరికీ ఒకే ఫలితం రాదు. మాస్టర్ ప్లాన్ అమల్లోకి రాకముందు నుంచి చట్టబద్ధంగా నడుస్తున్న పనిని మామూలుగా జోనల్ రెగ్యులేషన్లలో, అంటే ఏ జోన్‌లో ఏది పెట్టుకోవచ్చో చెప్పే నియమాల్లో, అలాగే కొనసాగనిస్తారు. ఉన్నదున్నట్టు నడుపుకోవచ్చు, పెంచకూడదు, ఇంకో మోటరు ఇంకో షెడ్డు అంటే కుదరదు. కాబట్టి అప్పా, మీ పట్నం ప్లాన్ ఏ సంవత్సరం మంజూరైందో ముందు కనుక్కోండి, దానికన్నా మర పాతదని చూపించే కాగితం తియ్యండి, ట్రేడ్ లైసెన్సు, ఇంటిపన్ను రసీదు, లేదా పాత కరెంటు బిల్లు. మూడు ఫేజుల కనెక్షన్ ఎప్పుడిచ్చారో బిల్లే చెప్తుంది. నోటీసుకి జవాబు రాతపూర్వకంగా ఇవ్వండి, గడువు దాటనివ్వొద్దు, నోటితో చెప్పి వచ్చీకండి. మోటరు కింద రబ్బరు దిమ్మలు వేయిస్తే చప్పుడు కూడా తగ్గుతుంది, అది మాత్రం రూలు కోసం కాదు, ఎదురింటాయన కోసం.
శ్రీను సంగతి వేరు. 2009లో ఇల్లు కట్టుకున్నాడు, హాలు వచ్చి రెండేళ్లే. ఒక్క జాగ్రత్త, కొన్ని చోట్ల రోడ్డు వెడల్పుని బట్టి నివాస జోన్‌లో కూడా హాలుకి అనుమతి ఇచ్చే వీలుంటుంది, మీ పట్నం రెగ్యులేషన్ చూడకుండా ఎవరూ తేల్చి చెప్పకూడదు, నేనూ చెప్పను.

పలాస_జీడిగింజ
చప్పుడు రాత్రికి ఆగుతుంది, పొగ ఆగదు. మా వీధి చివర జీడి బట్టీ ఉండేది, జీడి తొక్క కాలిస్తే వచ్చే ఘాటు తెలుసు కదా, కళ్లు మండిపోతాయి, దండెం మీద ఆరేసిన తెల్ల చొక్కా మీద నల్ల నుసి. మా నాన్న అదే బట్టీలో పని చేసేవాడు, సాయంత్రం ఇంటికొచ్చి మా అమ్మ దగ్గుతుంటే వీపు రాసేవాడు. ఆయన ఎప్పుడూ బట్టీ మూసెయ్యమనలేదు, ఊరి బయట పెట్టమనేవాడు. జోనింగ్ అంటే మాకు అదే.

బలగ_లాయరమ్మ
ఆలస్యంగా చూసాను. శ్రీను గారికి పనికొచ్చే కేసు ఒకటుంది, అచ్చం మీలాంటిదే. ఉడిపిలో నివాస ప్రాంతంలో కల్యాణ మంటపం, ఉపన్యాస మందిరం కడతానని ఒకాయన అనుమతి తీసుకుని తర్వాత దాన్ని సినిమా హాలుగా మార్చబోయాడు, మున్సిపాలిటీ కూడా సరే అంది. ఆ వీధిలో ఉండే రామదాస్ షెణై కోర్టుకెళ్లారు. హైకోర్టు తప్పేనంటూనే ఆయన అప్పటికే చాలా డబ్బు పెట్టాడు కదా అని వదిలేసింది. సుప్రీంకోర్టు 1974లో దాన్ని తోసిపుచ్చింది. టౌన్ ప్లానింగ్ స్కీముకి విరుద్ధంగా కడితే అక్కడుండేవాళ్ల ఆస్తిని ప్రశాంతంగా అనుభవించే హక్కు దెబ్బతింటుంది, కాబట్టి వాళ్లు అడగొచ్చు, లేని అధికారంతో ఇచ్చిన అనుమతి డబ్బు ఖర్చయిందని చెల్లుబాటు కాదు అని. రాజు గారు "అప్పు చేసి కట్టుంటాడు" అన్నారే, దానికి జవాబు ఇందులోనే ఉంది.
ఇంకోటి, బెంగళూరు రాజ్‌మహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకి వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకిచ్చారు. ఆసుపత్రీ మంచిదే కదా అన్న వాదన 1991లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, పార్కు పార్కుగానే ఉండాలంది.
చెయ్యాల్సింది: ఆ స్థలానికి మంజూరైన ప్లాన్ కాపీ, భూ వినియోగం ఏమిటో, హాలుకి అనుమతి ఉందో లేదో సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. పొగకీ చప్పుడుకీ కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్ 152 సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కి అర్జీ పెట్టొచ్చు, పాత సీఆర్‌పీసీలో 133 అనేవాళ్లం. శబ్దం నియమాల్లో కూడా జోన్ అక్కరకొస్తుంది, నివాస ప్రాంతానికి పగలు 55 డెసిబెల్స్ రాత్రి 45, వాణిజ్య ప్రాంతానికి 65, 55. అందుకే మీది మ్యాపులో పసుపు రంగా, అంటే నివాస జోనా, కాదా అన్నది ముందు తేలాలి.

నాగావళి_ఒడ్డు
అయితే సిరిమానోత్సవానికి మైకులు పెడతారు కదా, అదీ తప్పేనా?

బలగ_లాయరమ్మ
పండగలకి రాష్ట్ర ప్రభుత్వం రాత్రి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు, ఏడాదికి మొత్తం 15 రోజులకి మించకుండా. పైడితల్లి పండక్కి ఊరంతా మేలుకునే ఉంటుంది. పెళ్లిళ్ల సీజనులో వారానికి నాలుగు రాత్రులు ఒక్క ఇల్లే మేలుకోవడం వేరు.

ఘంటస్తంభం_రాజు
లాయరమ్మ గారి పార్కు కేసు చదివాక ఒకటి గుర్తొచ్చింది. మా బాబాయి లేఅవుట్‌లో స్థలం కొన్నప్పుడు బ్రోచర్లో పార్కని పచ్చగా వేసి చూపించారు, ఇప్పుడక్కడ రెండు ఇళ్లున్నాయి, అడిగితే నంబరు తప్పు పడిందంటున్నారు. మరి నేనూ నా స్థలం నా ఇష్టం అన్న పక్షాన ఉంటే ఆ పార్కు గురించి ఎలాగ అడగ్గలను? ఇవాళ పొద్దున్నుంచి అదే ఆలోచిస్తున్నా.

పాత_ఓవర్సీరు
లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదిలి దాన్ని గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకి రాసివ్వాలి. ఆ డీడ్ రిజిస్ట్రేషన్ అయ్యిందో లేదో చూడమనండి, బ్రోచరు పట్టుకుని లాభం లేదు.

చెరువుగట్టు
చెరువులకీ ఇదే కథ. పది హెక్టార్లు దాటిన చెరువుకి ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే గీత) నుంచి 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు వదలాలి, ఎవరు వదులుతున్నారు? తిరుపతి దగ్గర అవిలాల, పేరూరు చెరువుల్లో ఇళ్లు కడితే అక్కడి మేధావుల సంఘం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2006లో తీర్పొచ్చింది, చెరువు జనం ఆస్తి, ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని. అక్కడ కట్టింది ప్రైవేటోడు కూడా కాదు, ప్రభుత్వ సంస్థలే.

కళింగపట్నం_గాలి
మాది సముద్రం ఒడ్డు. మా జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం, అంతటా సీఆర్‌జెడ్, తీరం దగ్గర కట్టడాలకి హద్దులు పెట్టే నియమాలు. మాకు జోనింగ్ అంటే పసుపు నీలం కాదు, పోటు గీత నుంచి ఎన్ని మీటర్లు అని. పల్లెల్లో 200 మీటర్లు కట్టడానికి లేదు, 2019లో జనసాంద్రత చదరపు కిలోమీటరుకి 2161 దాటిన పల్లెలకి 50కి తగ్గించారు. మా అన్నయ్య పడిపోయిన ఇంటి చోట మళ్లీ కట్టుకోవాలంటే ఎన్ని కాగితాలో. తిట్లీ తుఫాను రాత్రి 2018 అక్టోబరులో రేకులు ఎగిరిపోతుంటే మేమంతా స్కూలు బిల్డింగులో కూర్చున్నాం, ఆ రాత్రి మాత్రం ఇంకొంచెం లోపలికి కట్టుకుని ఉంటే బాగుండునని మా అన్నయ్యే అన్నాడు. వలా తెప్పా ఒడ్డునే ఉండాలి, పిల్లలు మాత్రం లోపల పడుకోవాలి. రెండూ చూసి రాసే రూలు కావాలి మాకు.

ఘంటస్తంభం_రాజు
ఇంత చెప్పినా చివరికి అనుమతి లేని కట్టడాలకి బీపీఎస్ అని ఒక పథకం వస్తుంది, ఫైన్ కట్టి రెగ్యులర్ చేయించుకుంటారు. 2007లో వచ్చింది, 2015లో వచ్చింది, 2019లో వచ్చింది. పద్ధతిగా అడుగు వదిలి కట్టుకున్నవాడు ఏమనుకోవాలి?

పాత_ఓవర్సీరు
ఇక్కడ మాత్రం మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. నా చేత్తో కొలిచి ఆపినవి కొన్ని తర్వాత నా చేత్తోనే రెగ్యులర్ చెయ్యాల్సి వచ్చింది. ఇంకో బాధ, ఒక పట్నంలో డ్రాఫ్ట్ ప్లాన్ మ్యాపు గోడకి అంటించి అభ్యంతరాలకని నెలరోజులు కూర్చున్నాం, వచ్చింది ఇద్దరు, ఒకాయన దారి అడగడానికి. పేపర్లో నోటీసు పడినప్పుడు చూడండయ్యా, రంగు వెయ్యకముందు అడిగితే ఒక ఉత్తరంతో పోతుంది, వేసాక అడిగితే కోర్టు.

చంపావతి_శ్రీను
అప్‌డేట్. టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కి వెళ్లాను, గంటన్నర కూర్చోబెట్టినా చివరికి మ్యాపు చూపించారు. మా వీధంతా పసుపే, ఆయన 600 గజాలు కూడా పసుపే. మంజూరైన ప్లాన్ కూడా ఉంది, కింద పార్కింగు పైన రెండంతస్తుల ఇల్లని. షెడ్డు మాట ఎక్కడా లేదు. రోడ్డు ముప్ఫై అడుగులు, హాలుకి అది చాలదని అక్కడాయనే చెప్పాడు, రాతపూర్వకంగా ఇమ్మని సమాచార హక్కు అర్జీ పెట్టి పది రూపాయల పోస్టల్ ఆర్డరు జత చేసాను. వచ్చే సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్స్‌లో కూడా ఇస్తున్నా.
నిన్న సాయంత్రం హాలాయన ఇంటికొచ్చాడు. ఉడిపి కేసు ఫోన్లో చూపించాను, చదివాడు, ఏమీ అనలేదు. జనరేటరు మాత్రం ఇవాళ పొద్దున్న అటుపక్కకి మార్పించాడు. వైశాఖం బుకింగులు పదకొండున్నాయట, అడ్వాన్సులు తీసుకున్నానని ఆయన గోడు. ఆ పదకొండు పెళ్లిళ్లు ఆపమని నేను అడగను, డీజే లేకుండా, పదింటికి ముగిస్తే ఒప్పుకుంటానన్నాను. ఆ తర్వాత సంగతి ఆఫీసు తేల్చాలి.

ఘంటస్తంభం_రాజు
పదకొండు ఇళ్ల వాళ్ల గురించి కూడా ఆలోచించావు చూడు, అది బాగుంది తమ్ముడూ.

పిండిమర_అప్ప
శ్రీనూ, మళ్లీ వెళ్తే మా పట్నం ప్లాను ఏ సంవత్సరందో అక్కడెలా కనుక్కోవాలో అడిగి చెప్తావా. నోటీసుకి ఇంకా తొమ్మిది రోజులుంది.

చంపావతి_శ్రీను
అడుగుతాను అప్పా. మీరు పాత ట్రంకు పెట్టె తీసి 1994 కరెంటు బిల్లు వెతకండి, దొరికితే రెండు వైపులా ఫోటో తీసి నాకు మెసేజ్‌లో పెట్టండి, జవాబు లాయరమ్మ గారితో కలిసి నేను రాసిస్తాను.

పిండిమర_అప్ప
1995 మార్చిది దొరికింది. నూనె మరకుంది గాని మీటరు నంబరు కనపడుతోంది.